పెళ్ళి కాకుండా నాలుగేళ్ళు కలిసి ఉన్నాం: ఇంట్లో ఉండే హక్కు, ఫ్లాట్‌లో పెట్టిన డబ్బు

ముందు మీ ప్రశ్న నేను అర్థం చేసుకున్నంతలో ఇది. మీకు 29, అతనికి 31. ఇద్దరికీ ఇంతకుముందు పెళ్ళి కాలేదు. హైదరాబాదులో నాలుగేళ్ళుగా ఒకే ఇంట్లో ఉంటున్నారు. రెండున్నరేళ్ళ కిందట నిజాంపేటలో అతని పేరున ఫ్లాట్ కొన్నారు. దానికి మీ ఖాతా నుంచి 14 లక్షలు వెళ్ళాయి. అప్పట్నుంచి ఈఎంఐలో సగమని నెలకి 22,000 పంపుతున్నారు, ఏడాదిగా ఆ ఫ్లాట్లోనే ఉంటున్నారు. ఇప్పుడు వాళ్ళింట్లో అతనికి సంబంధం కుదిర్చారు. మిమ్మల్ని ఖాళీ చెయ్యమంటున్నాడు, రెండుసార్లు చెయ్యి చేసుకున్నాడు. "పెళ్ళి కాలేదు కాబట్టి నాకేమీ రాదా? ఏడేళ్ళు కలిసుంటేనే హక్కు వస్తుందంటున్నారు, నిజమేనా?" అని అడిగారు.

సూటిగా చెబుతాను. ఏడేళ్ళ లెక్క ఏ చట్టంలోనూ లేదు. మీ పరిస్థితిలో ఉన్న స్త్రీకి గృహ హింస చట్టం కింద ఆ ఇంట్లో ఉండే హక్కు, కొట్టకుండా రక్షణ, ఇల్లు అమ్మకుండా ఆపించే హక్కు ఉన్నాయి. ఫ్లాట్‌లో వాటా మాత్రం దానంతట అది రాదు. ఎన్నేళ్ళు కలిసున్నా రాదు. ఆ 14 లక్షలు వేరే దారిలో రాబట్టుకోవాలి, ఆ దారికి గడువుంది. మీరు చెప్పిన తేదీల ప్రకారం ఆ గడువులో ఇంకా ఆర్నెల్లే మిగిలాయి. గృహ హింస కేసు రేపు వేసినా ఎల్లుండి వేసినా పెద్ద తేడా రాకపోవచ్చు. డబ్బు విషయం అలా కాదు.

కలిసి ఉండటం నేరమా అన్న సందేహం ఇంకా చాలామందికి ఉంది. కాదు. లతా సింగ్ కేసులో 2006లో, ఖుష్బూ కేసులో 2010లో సుప్రీంకోర్టు ఈ మాట స్పష్టంగా చెప్పింది. నేరం కాకపోవడం వేరు, హక్కులు రావడం వేరు. మనవాళ్ళు ఈ రెండింటినీ కలిపేస్తుంటారు.

"పెళ్ళిని పోలిన బంధం" అంటే ఏమిటి

గృహ హింస చట్టం 2005లో వచ్చింది, 2006 అక్టోబరు 26 నుంచి అమల్లో ఉంది. అందులో 2(ఎఫ్) సెక్షన్ భార్యతో పాటు "పెళ్ళిని పోలిన బంధం"లో ఉన్న స్త్రీని కూడా కలుపుకుంది. ఆ మాటకి అర్థం చట్టంలో రాయలేదు, కోర్టులే చెప్పాల్సి వచ్చింది. 2010లో వేలుసామి కేసులో సుప్రీంకోర్టు నాలుగు షరతులు పెట్టింది: నలుగురి ముందు భార్యాభర్తల్లా మెలగాలి, ఇద్దరికీ పెళ్ళీడు ఉండాలి, ఇద్దరూ చట్టప్రకారం పెళ్ళి చేసుకోగలిగే స్థితిలో ఉండాలి (అంటే ఎవరికీ బతికున్న భార్యో భర్తో ఉండకూడదు), ఇష్టపూర్వకంగా చెప్పుకోదగ్గ కాలం కలిసి ఉండాలి. వారాంతాల్లో కలుసుకోవడం దీని కిందకి రాదని కూడా అదే తీర్పులో ఉంది. 2013లో ఇంద్రా శర్మ కేసులో దీన్ని ఇంకొంచెం విడమరిచారు: ఎంతకాలం, ఒకే ఇల్లా, డబ్బు కలిపి ఖర్చుపెట్టారా, ఇంటిపనులు ఎలా పంచుకున్నారు, పిల్లలున్నారా, బంధువుల్లో స్నేహితుల్లో జంటగా తిరిగారా, ఇద్దరి ఉద్దేశం ఏమిటి. ఇవన్నీ ఉండి తీరాలని కాదు. న్యాయమూర్తి అన్నీ కలిపి చూస్తారు.

మీ కేసులో వయసు, పెళ్ళికాని స్థితి, నాలుగేళ్ళ కాలం, డబ్బు కలపడం బాగానే ఉన్నాయి. తేలిపోయే అవకాశం ఉన్నది మొదటి షరతు దగ్గర. మన ఊళ్ళలో ఇల్లు అద్దెకి దొరకాలంటే ఏం చెబుతారో అందరికీ తెలిసిందే: "కజిన్స్ అండీ", "మా అక్క", "ఒకే ఆఫీసు, షేరింగ్". ఆ మాట అద్దె అగ్రిమెంటులోకో, ఓనరుకి పెట్టిన వాట్సాప్ మెసేజ్‌లోకో ఎక్కితే రేపు అవతలి వకీలు దాన్నే ముందు తీస్తాడు. "ఆమె రూమ్మేట్ మాత్రమే" అన్న వాదనకి అంతకంటే మంచి కాగితం ఉండదు. అలాంటిది ఉంటే దాచకండి, మీ వకీలుకి మొదటి రోజే చెప్పండి. ఇల్లు దొరకడానికి అలా చెప్పాల్సి వచ్చిందని పిటిషన్‌లోనే రాస్తే దాని పదును తగ్గుతుంది. క్రాస్‌లో అవతలి వకీలు ప్రశ్నలు వేసేటప్పుడు బయటపడితే మాత్రం మీ మిగతా మాటల మీద కూడా అనుమానం వస్తుంది.

దానికి ఎదురుగా నిలబెట్టాల్సినవి ఇవి: ఇద్దరి ఆధార్‌లో ఒకే చిరునామా, గ్యాస్ కనెక్షన్, అపార్టుమెంటు అసోసియేషన్ రిజిస్టరులో ఇద్దరి పేర్లు, అతనికి జ్వరమొచ్చినప్పుడో ఆపరేషనప్పుడో అటెండరుగా మీరు పెట్టిన సంతకం, అతని తల్లి మీతో మాట్లాడిన మెసేజ్‌లు, ఎవరి పెళ్ళికో ఇద్దరి పేరునా వచ్చిన శుభలేఖ. శుభలేఖ చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ "బంధువులు మమ్మల్ని జంటగా చూశారు" అనడానికి అది చాలా బలమైన సాక్ష్యం. పనిమనిషి, పక్కింటివాళ్ళు సాక్ష్యానికి వస్తారా అన్నది కూడా ఇప్పుడే కనుక్కోండి.

వాట్సాప్ చాట్ల గురించి ఒక మాట. స్క్రీన్‌షాట్ ప్రింటు తీసి పెడితే సరిపోదు. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డుకి ధ్రువపత్రం జతచేయాలి. అందులో రెండు భాగాలుంటాయి. ఒకటి మీరు సంతకం చేసేది, రెండోది నిపుణుడు చేసేది, ఫైలు హ్యాష్ విలువతో (ఫైలు మారలేదని చూపే కోడ్) సహా. అందుకని ఫోను మార్చకండి, రీసెట్ చెయ్యకండి. చాట్ మొత్తాన్ని ఎక్స్‌పోర్ట్ చేసి మీకే మెయిల్ పెట్టుకోండి. మధ్యలో మీకు ఇబ్బందనిపించిన మెసేజ్‌లు తీసేస్తే, అవి అతని ఫోనులో ఎలాగూ ఉంటాయి.

ఆ ఇంట్లోంచి పంపించేయగలడా

ఫ్లాట్ అతని పేరున ఉంది కాబట్టి తాళం మార్చేస్తానంటున్నాడని రాశారు. చట్టంలో "ఉమ్మడి గృహం" అన్నదానికి సొంతదారు ఎవరన్నది ముఖ్యం కాదు. అద్దె ఇల్లయినా, అతని తల్లిదండ్రుల ఇల్లయినా, మీరు గృహబంధంలో (పెళ్ళో, పెళ్ళిని పోలిన బంధమో) అక్కడ కాపురమున్నారా అన్నదే ప్రశ్న. 2020లో సతీశ్ చందర్ అహూజా కేసులో సుప్రీంకోర్టు దీన్ని ఖాయం చేసింది. 17వ సెక్షన్ మీకు ఉండే హక్కు ఇస్తుంది. 19వ సెక్షన్ కింద మేజిస్ట్రేటు మిమ్మల్ని ఖాళీ చేయించకుండా ఆపగలరు, ఫ్లాట్ అమ్మకుండా, ఇంకొకరికి రాసివ్వకుండా ఆపగలరు, అవసరమైతే అతన్నే బయటికి పొమ్మనగలరు. అది కుదరకపోతే అదే స్థాయి ఇంకో ఇల్లు చూపించమనో అద్దె కట్టమనో ఆదేశించగలరు. 18వ సెక్షన్ కింద అతని బ్యాంకు ఖాతాలు, ఆస్తుల బదిలీల మీద కూడా ఆంక్ష పెట్టించుకోవచ్చు.

ఇది ఉండే హక్కే. సొంతదారు హక్కు కాదు. ఈ ఉత్తర్వు పట్టుకుని "సగం ఫ్లాట్ నాది" అనలేరు.

పిటిషన్ మీరు తాత్కాలికంగా ఉంటున్న చోట కూడా వేయొచ్చు. పుట్టింటికి విజయవాడ వెళ్ళిపోతే అక్కడి మేజిస్ట్రేటు కోర్టులో వేసుకోవచ్చు. 12వ సెక్షన్ కింద ఫారం 2లో అసలు పిటిషన్, 23వ సెక్షన్ కింద ఫారం 3 అఫిడవిట్‌తో మధ్యంతర ఉత్తర్వుల కోసం ఇంకో పిటిషన్. ఈ రెండోదాన్ని మర్చిపోయి అసలు పిటిషన్ ఒక్కటే వేసి ఆర్నెల్లు వాయిదాలు తిరిగేవాళ్ళు చాలామంది. చట్టం మొదటి వాయిదా మూడు రోజుల్లో, తీర్పు అరవై రోజుల్లో అంటుంది. ఆ అరవై రోజులు కాగితం మీదే. మీకు తక్షణం పనికొచ్చేది మధ్యంతర ఉత్తర్వు. అది అవతలివాళ్ళ మాట వినకుండా కూడా ఇవ్వొచ్చు.

ఆలస్యానికి పెద్ద కారణం నోటీసు అందకపోవడం. ఫ్లాట్ చిరునామా ఒక్కటే ఇస్తే "ఇంట్లో లేరు" అని తిరిగొస్తుంది. అతని ఆఫీసు చిరునామా, ఊళ్ళో తల్లిదండ్రుల చిరునామా, మెయిల్, ఫోన్ నంబరు అన్నీ ఇవ్వండి. అలాగని అతని తల్లిని, అక్కని, బావని, బాబాయిని అందరినీ ప్రతివాదులుగా చేర్చకండి. పురుషుడి బంధువుల మీద కూడా వేయొచ్చని చట్టంలో ఉంది, 2016లో హిరల్ హర్సోరా తీర్పు తర్వాత ఆడవాళ్ళని చేర్చడానికీ అడ్డు లేదు. కానీ నోటీసు అందాల్సినవాళ్ళు ఎంతమంది ఉంటే అన్ని వాయిదాలు. పైగా నిజంగా ఏమీ చెయ్యనివాళ్ళని లాగితే కోర్టుకి మీ మీద చులకన ఏర్పడుతుంది.

వకీలుని పెట్టుకునే స్తోమత లేకపోతే జిల్లా న్యాయసేవాధికార సంస్థకి వెళ్ళండి. న్యాయసేవల చట్టం కింద ఆడవాళ్ళకి ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలుని ఇస్తారు. ఫోన్ నంబరు 15100. జిల్లా మహిళా శిశు సంక్షేమ శాఖ ద్వారా రక్షణాధికారి దగ్గర గృహ సంఘటన నివేదిక (జరిగిన హింస వివరాలు రాసే పత్రం) రాయించుకోవచ్చు. అది మంచిదే గానీ తప్పనిసరి కాదని 2022లో ప్రభా త్యాగి కేసులో తేలింది. నివేదిక రాలేదని పిటిషన్ ఆపుకోవద్దు.

చెయ్యి చేసుకున్న రెండుసార్లూ ఆసుపత్రికి వెళ్ళలేదని రాశారు. మళ్ళీ జరిగితే 112కి ఫోన్ చెయ్యండి, ప్రభుత్వాసుపత్రిలో పోలీసు కేసుకి పనికొచ్చే వైద్య రికార్డు, అంటే ఎంఎల్‌సీ రాయించుకోండి, దెబ్బల ఫోటోలు అదే రోజు తీయండి. రక్షణ ఉత్తర్వు వచ్చాక అతను దాన్ని మీరితే అది బెయిలు హక్కుగా రాని నేరం. ఏడాది దాకా జైలు, 20,000 దాకా జరిమానా, లేదా రెండూ.

నెలవారీ భరణం గురించి కూడా అడిగారు. 20వ సెక్షన్ కింద అడగొచ్చు. కానీ మీకు ఉద్యోగం ఉంది, జీతం దాదాపు అతనితో సమానం. ఇద్దరూ ఆస్తులు, అప్పులు, ఆదాయాల అఫిడవిట్ వేయాల్సిందే. ఆ కాగితం చూశాక పెద్ద మొత్తం ఇచ్చే కోర్టు అరుదు. ఉద్యోగం లేనివాళ్ళ సంగతి వేరు. అలాంటివాళ్ళకి పాత సీఆర్పీసీ (నేర విచారణ స్మృతి) 125వ సెక్షన్ (ఇప్పుడు దాని బదులు వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితలో 144) కంటే గృహ హింస చట్టమే మెరుగు. 144లో ఉన్నది "భార్య" అనే మాట, దాని మీద వాదన తెగకుండా సాగుతుంది.

14 లక్షల సంగతి

అందరూ పొరపాటు పడేది ఇక్కడే, కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

ఒకరి డబ్బుతో ఇంకొకరి పేరున ఆస్తి కొంటే బినామీ చట్టం అడ్డొస్తుంది. 2016 సవరణ తర్వాత ఆ చట్టంలో కొన్ని మినహాయింపులున్నాయి. భార్య పేరునో భర్త పేరునో పిల్లల పేరునో తెలిసిన ఆదాయంతో కొంటే అది బినామీ కాదు. ఆ మినహాయింపులో సహజీవనం చేసే భాగస్వామి లేరు. కాబట్టి మీరు కోర్టుకెళ్ళి "ఫ్లాట్ అతని పేరునున్నా అందులో సగానికి అసలు యజమానురాలిని నేనే" అని దావా వేస్తే, 4వ సెక్షన్ ప్రకారం అసలా దావాయే నిలవదని అవతలివాళ్ళు అంటారు. దావా పోవడమే కాదు, మీరే బినామీ లావాదేవీ జరిగిందని ఒప్పుకుంటూ రాసిచ్చినట్టవుతుంది. ఆ ఒప్పుకోలు ఆస్తి జప్తు దాకా, ప్రాసిక్యూషన్ దాకా పోయే ప్రమాదం ఉంది.

అందుకే ఈ రకం కేసుల్లో తెలిసిన వకీళ్ళు వాటా అడగరు, డబ్బు అడుగుతారు. నేను ఇచ్చాను, అతను తీసుకున్నాడు, తిరిగివ్వాలి అని. డబ్బు ఏ పేరుతో వెళ్ళిందన్నది ఇక్కడ ముఖ్యం. మీ బదిలీల రిమార్కులో "ఫ్లాట్ కోసం" అని ఉందన్నారు. అది డబ్బు వెళ్ళిన సంగతిని రుజువు చేస్తుంది గానీ అప్పని చెప్పదు. దానికి తోడు "తర్వాత సర్దేస్తా", "నీ డబ్బు నీకు ఇచ్చేస్తా", "నీ పేరు చేరుస్తా" అన్న అతని మెసేజ్‌లు వెతకండి. మొదటి రెండూ బాగా పనికొస్తాయి. మూడోది జాగ్రత్తగా వాడాలి, ఎందుకంటే అది మళ్ళీ బినామీ వైపు లాగుతుంది.

అతను ఏమంటాడో ముందే ఊహించొచ్చు: "ప్రేమతో ఇచ్చింది, అది బహుమతి." ఇక్కడ ఆదాయపన్ను చట్టం మీకు ఉపయోగపడుతుంది. బంధువు కాని వ్యక్తి నుంచి ఏడాదిలో 50,000 దాటి డబ్బు బహుమతిగా వస్తే ఆ మొత్తమంతా పుచ్చుకున్నవాడి ఆదాయమే, పన్ను కట్టాలి. భార్య అయితే బంధువు. సహజీవన భాగస్వామి ఆ జాబితాలో లేరు. 14 లక్షలు బహుమతే అయితే ఆ ఏడాది రిటర్నులో చూపించావా, పన్ను కట్టావా అని క్రాస్‌లో అడిగితే అతని దగ్గర మంచి జవాబుండదు. చూపించలేదంటే బహుమతి కథ సన్నగిలుతుంది. అప్పుగా చూపించి ఉంటే మీ పని ఇంకా తేలిక.

ఇక గడువు. ఇచ్చిన అప్పు వసూలుకి, అడిగినప్పుడు ఇవ్వాలన్న షరతుతో ఇచ్చినదైనా సరే, ఇచ్చిన తేదీ నుంచి మూడేళ్ళు. అడిగిన తేదీ నుంచి కాదు. ఈఎంఐ కోసం పంపిన ప్రతి 22,000కీ దాని తేదీ నుంచి విడిగా మూడేళ్ళు లెక్క. లీగల్ నోటీసు పంపితే గడువు ఆగుతుందని చాలామంది నమ్మకం. ఆగదు. గడువు మళ్ళీ మొదలవ్వాలంటే గడువు తీరకముందే అతను బాకీని ఒప్పుకుంటూ సంతకంతో రాసివ్వాలి, లేదా కొంత తిరిగి కట్టి అది రాతపూర్వకంగా ఉండాలి. వాట్సాప్ ఒప్పుకోలు సంతకంతో సమానమా అన్న వాదన పెట్టుకోవడం కంటే మూడేళ్ళలోపు దావా వేసేయడం క్షేమం.

రాజీకి వస్తే "నీ పేరు సగానికి చేరుస్తా" అనొచ్చు. దానికి సగం వాటా అమ్మకమో గిఫ్ట్ డీడో రిజిస్టరు కావాలి, లోనిచ్చిన బ్యాంకు అనుమతి కావాలి. కుటుంబ సభ్యుల మధ్య గిఫ్ట్‌కి ఉండే స్టాంపు రాయితీ మీకు వర్తించదు. నోటరీ చేయించిన వంద రూపాయల స్టాంపు కాగితం మీద "సగం నీది" అని రాసిస్తే మాత్రం తీసుకోకండి. స్థిరాస్తి హక్కు నోటరీతో మారదు. (నోటరీ పెళ్ళిళ్ళు కూడా ఇంతే. దండలు మార్చుకుని నోటరీ దగ్గర సంతకాలు చేస్తే పెళ్ళైపోయిందనుకునే జంటలు ఇప్పటికీ ఉన్నారు. హిందూ వివాహ చట్టం 7వ సెక్షన్ ప్రకారం తంతు జరగాలి, లేదా ప్రత్యేక వివాహ చట్టం కింద నోటీసిచ్చి చేసుకోవాలి. తంతు లేకుండా తెచ్చుకున్న రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్టు కూడా పెళ్ళిని పుట్టించదని సుప్రీంకోర్టు 2024లో చెప్పింది.)

ఇకముందు కలిసి కొనేవాళ్ళకి: సేల్ డీడ్‌లో ఇద్దరి పేర్లూ, ఎవరి వాటా ఎంతో శాతంతో సహా రాయించండి. ఎవరి ఖాతా నుంచి ఎంత వెళ్ళిందో చెక్కు నంబర్లతో అందులోనే రాయించండి. డీడ్‌లో పేరు లేకుండా లోనుకి మాత్రం కో-అప్లికెంట్‌గా సంతకం పెట్టడం అన్నిటికంటే చెడ్డ ఏర్పాటు. అప్పు మీది, ఇల్లు అతనిది.

క్రిమినల్ కేసు పెట్టమని ఎవరో చెప్పారన్నారు

పెళ్ళి చేసుకుంటానని నమ్మించి మోసం చేశాడని భారతీయ న్యాయ సంహిత (పాత ఐపీసీ బదులు వచ్చిన నేరాల చట్టం) 69వ సెక్షన్ కింద ఫిర్యాదు ఇవ్వొచ్చు, పదేళ్ళ దాకా శిక్ష ఉంది. కానీ మొదట్నుంచీ చేసుకునే ఉద్దేశం లేకుండానే మాటిచ్చాడని రుజువు కావాలి. మొదట నిజంగానే అనుకుని తర్వాత ఇంట్లోవాళ్ళ ఒత్తిడికి వెనక్కి తగ్గితే ఆ సెక్షన్ నిలవదు. నాలుగేళ్ళు ఇష్టపడి కలిసుండి ఫ్లాట్ కూడా కొన్న జంట విషయంలో కోర్టులు ఇలాంటి ఎఫ్‌ఐఆర్‌లు కొట్టేసిన సందర్భాలు చాలా ఉన్నాయి. డబ్బు రాబట్టడానికి బెదిరింపుగా ఈ కేసు పెడితే మీ మిగతా రెండు కేసులూ బలహీనపడతాయి. నా సలహా: వద్దు.

ఒకరికి ముందే పెళ్ళై ఉంటే

మీకు సంబంధం లేదు గానీ కింద వ్యాఖ్యల్లో చాలామంది ఇదే అడిగారు. అతనికి భార్య ఉందని తెలిసి కలిసుంటే గృహ హింస చట్టం కింద పెళ్ళిని పోలిన బంధం కాదు. ఇంద్రా శర్మ కేసులో ఆమె ఏళ్ళ తరబడి కలిసున్నా ఆ కారణంగానే ఓడిపోయింది. "విడాకుల కేసు నడుస్తోంది" అన్నా అంతే, డిక్రీ వచ్చేదాకా అతను పెళ్ళైనవాడే. పెళ్ళి దాచి మోసం చేసి ఇంకో పెళ్ళి చేసుకుంటే మాత్రం ఆమెకి భరణం ఇవ్వాల్సిందేనని 2013లో బాద్షా కేసులో సుప్రీంకోర్టు అంది. పిల్లల భరణానికి ఈ తేడాలేవీ లేవు. తల్లిదండ్రులకి పెళ్ళైనా కాకపోయినా తండ్రి పోషించాల్సిందే.

పిల్లలు

పెళ్ళికాని తల్లికి పుట్టిన హిందూ బిడ్డకి సహజ సంరక్షకురాలు తల్లి, ఆమె తర్వాతే తండ్రి. తండ్రి పేరు చెప్పమని తల్లిని బలవంతపెట్టకూడదని 2015లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆస్తి దగ్గర మెలిక ఉంది. హిందూ వివాహ చట్టం 16వ సెక్షన్ చెల్లని పెళ్ళికి పుట్టిన పిల్లల్ని సక్రమ సంతానంగా చూస్తుంది, కానీ చెల్లనిదైనా ఏదో ఒక పెళ్ళి జరిగి ఉండాలి. అసలు పెళ్ళే జరగని జంట పిల్లలు, తల్లిదండ్రులు చాలాకాలం భార్యాభర్తల్లా బతికారు కాబట్టి పెళ్ళి జరిగినట్టే భావించాలన్న వాదన మీద ఆధారపడాలి. 2022లో కేరళకి చెందిన కేసులో ఆ వాదన సుప్రీంకోర్టులో నెగ్గింది. పదేళ్ళు కోర్టులో ఆ వాదన చేసేకంటే తండ్రి బతికుండగా రెండు పేజీల వీలునామా రాయడం తేలిక.

ఒకరు పోతే

కలిసున్న భాగస్వామి వారసుల జాబితాలో ఎక్కడా లేరు. పెళ్ళికాని హిందూ పురుషుడు వీలునామా లేకుండా చనిపోతే, పిల్లలు లేకపోతే, ఆస్తి ముందు తల్లికి పోతుంది. స్త్రీ అయితే తల్లిదండ్రులకి. నామినీగా పెట్టాం కదా అనుకుంటారు. నామినీ డబ్బు పుచ్చుకునే మనిషే గానీ సొంతదారు కాదు. బ్యాంకు ఇస్తుంది, వారసులు దావా వేసి తీసుకుంటారు. ఈపీఎఫ్ ఇంకా కఠినం. తన మీద ఆధారపడిన తల్లో తండ్రో ఉండగా బయటి వ్యక్తిని నామినీగా పెడితే ఆ నామినేషనే చెల్లదు.

కాబట్టి వీలునామా. తెల్లకాగితం చాలు, స్టాంపు అక్కర్లేదు, ఇద్దరు సాక్షులు మీ ఎదుట సంతకం చేయాలి. లాభం పొందే మనిషిని సాక్షిగా పెట్టకండి. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు గానీ ఇలాంటి కుటుంబాల్లో చేయించండి, తర్వాత "బలవంతంగా రాయించుకుంది" అని వచ్చే గొడవ తగ్గుతుంది. ముస్లింలు వారసులు కాని వ్యక్తికి మూడోవంతు దాకానే రాయగలరని గుర్తుంచుకోండి.

ఆసుపత్రి సంతకం సంగతి కూడా ఇలాంటిదే. జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ రాసుకుంటే సరిపోతుందనుకుంటారు. రాసిన మనిషి మానసికంగా నిర్ణయం తీసుకునే స్థితి కోల్పోతే మన చట్టంలో ఆ పవర్ రద్దవుతుంది, అంటే సరిగ్గా అవసరమైన రోజున పనికిరాదు. దానికి ముందస్తు వైద్య నిర్దేశం రాసుకోవాలి. 2023 జనవరిలో సుప్రీంకోర్టు ఇచ్చిన సవరణతో అది ఇద్దరు సాక్షులు, నోటరీ లేదా గెజిటెడ్ అధికారి సంతకంతో అయిపోతుంది. అయితే అది ప్రాణాధార చికిత్స కొనసాగించాలా ఆపాలా అన్నదానికే. మామూలు ఆపరేషన్ సంతకానికి ఆసుపత్రి పట్టుబడితే ఇంట్లోవాళ్ళే రావాల్సొస్తుంది.

చివరిగా, అబ్బాయిల వైపు నుంచి అడిగినవారికి: గృహ హింస చట్టం మగవాళ్ళకి లేదు. డబ్బు దావా, బినామీ చిక్కు, మూడేళ్ళ గడువు మాత్రం ఇద్దరికీ ఒకటే. ఉత్తరాఖండ్‌లో చదువుకునే, ఉద్యోగం చేసే మనవాళ్ళు ఇంకోటి చూసుకోవాలి. అక్కడ 2025 జనవరి 27 నుంచి సహజీవనాన్ని నెలలోపు నమోదు చేసుకోవాలి, లేకపోతే మూడు నెలల దాకా జైలో 10,000 దాకా జరిమానానో రెండూనో. ఆంధ్రాలో, తెలంగాణలో అలాంటి నమోదు ఏదీ లేదు. "లివ్-ఇన్ రిజిస్ట్రేషన్ చేయిస్తాం" అని ఇక్కడ ఎవరైనా డబ్బడిగితే ఇవ్వకండి.

ఇక మీరు ఈ వారంలో చేయాల్సినవి. ఇల్లు వదిలి వెళ్ళకండి, ప్రాణభయం ఉంటే తప్ప. వెళ్ళాల్సొస్తే మీ బట్టలు, వస్తువులు కొన్ని అక్కడే ఉంచి, ఎందుకు వెళ్తున్నారో అతనికి మెసేజ్ పెట్టి వెళ్ళండి. ఆ 14 లక్షలు వెళ్ళిన రోజుల స్టేట్‌మెంట్లు, బ్యాంకు పుస్తకాల సాక్ష్య చట్టం కింద ధ్రువీకరణతో సహా, మీ బ్రాంచిలో దరఖాస్తు పెట్టి తీసుకోండి. యాప్‌లో దింపుకున్న పీడీఎఫ్ వద్దు. అందులో మొట్టమొదటి బదిలీ తేదీకి మూడేళ్ళు కలిపి వచ్చిన రోజుని గోడ క్యాలెండర్ మీద రాసుకుని, దానికి రెండు నెలల ముందే దావా కోర్టులో నమోదై నంబరు వచ్చేలా సివిల్ వకీలుతో మాట్లాడండి. ఈ నెల 22,000 మాత్రం పంపకండి.